ఆరు నెలల్లో 13 కిలోలు తగ్గాను, నాలుగు నెలలుగా నెలసరి లేదు: అన్నం మానేయడం నిజంగా అవసరమా?

పొగడపువ్వు | ఫిబ్రవరి 11

అందరికీ నమస్కారం. నాకు 28 ఏళ్లు. తణుకు దగ్గర ఒక పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెబుతాను. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి. ఇంట్లో ఎవరికీ ఈ సంగతి మొత్తం చెప్పలేదు.

పదహారో ఏట నుంచి నాకు నెలసరి 45, 50 రోజులకు ఒకసారి వచ్చేది. గడ్డం కింద నాలుగైదు గట్టి వెంట్రుకలు, దవడల మీద మొటిమలు. నిరుడు జూలైలో స్కానింగ్ చేసి అండాశయాల్లో నీటి బుడగలు ఉన్నాయని, ఇది పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే సమస్య) అని చెప్పారు. ఆ డాక్టరు గదిలో నేను ఉన్నది నాలుగు నిమిషాలు. "బరువు తగ్గండి, అన్నం మానేయండి, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారు. అప్పటికి నా బరువు 68 కిలోలు, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు.

ఆగస్టులో వ్యాయామశాలలో చేరితే అక్కడి శిక్షకుడు ఒక కాగితం రాసిచ్చాడు. రోజుకు 1000 కేలరీలు. పొద్దున జీలకర్ర నీళ్లు, రెండు గుడ్ల తెల్లసొన. మధ్యాహ్నం కీరా ముక్కలు, ఒక జొన్న రొట్టె. రాత్రి ఏడు లోపల ఒక గిన్నె కూరగాయల సూప్. అన్నం, అరటిపండు, బెల్లం, పాలు, దుంపలు అన్నిటి మీదా ఎర్ర గీత. ఆ కాగితాన్ని దేవుడి పటం పక్కన అంటించుకున్నాను. బరువు చూసే యంత్రాన్ని వంటింట్లో గ్యాస్ బండ వెనక పెట్టుకుని ప్రతి సోమవారం తెల్లవారుజామున, మంచినీళ్లు కూడా తాగకముందే ఎక్కేదాన్ని.

తగ్గాను. ఇప్పుడు 55. ఉపాధ్యాయుల గదిలో అందరూ మెచ్చుకుంటున్నారు, పెళ్లిచూపుల మాట ఎత్తుతున్నారు. కానీ చివరిసారి నెలసరి వచ్చింది అక్టోబరు 13న. తేదీలకు ఎర్ర సున్నా చుట్టే అలవాటు నాకు. నవంబరు, డిసెంబరు, జనవరి కాగితాల మీద ఒక్క సున్నా కూడా లేదు. ఎండలో నిలబడినా చేతివేళ్లు చల్లగా ఉంటాయి. తలస్నానం చేస్తే నీళ్లు పోయే కంతకు జుట్టు అడ్డం పడుతోంది. బోర్డు మీద త్రిభుజం గీస్తూ, రాత్రికి ఏమి తినవచ్చో, ఏమి తినకూడదో లెక్క వేసుకుంటున్నాను.

అసలు చెప్పుకోలేకపోతున్నది ఇంకొకటి. డిసెంబరులో మా పెద్దనాన్న కూతురి పెళ్లికి వెళ్లాను. విస్తరి ముందు కూర్చుని పెరుగుపచ్చడి మాత్రం నంజుకుని లేచాను. అందరూ నిద్రపోయాక సామాన్లగదిలోకి వెళ్లి, ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు చీకట్లో నిలబడి తొమ్మిది తిన్నాను. రుచి కూడా తెలియలేదు. మర్నాడంతా నీళ్లు తాగి ఉన్నాను. అప్పటి నుంచి వారానికి రెండు మూడు రాత్రులు ఇలాగే జరుగుతోంది: అటుకులు, పిల్లలు పుట్టినరోజులకు ఇచ్చిన చాక్లెట్లు, ఒకసారి ఉత్త బెల్లం. కావాలని వాంతి చేసుకోవడం వంటివి ఎప్పుడూ చేయలేదు. కానీ తెల్లారి అద్దంలో నా ముఖం చూసుకోలేను.

మా నాన్నకు మూడెకరాల చేను ఉంది. సార్వాకు ఇప్పటికీ స్వర్ణ రకమే వేస్తారు, మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టిన ఎం.టి.యు. 7029. ఆ చేను డబ్బుతోనే నేను బి.ఇడి. చదివాను. సంక్రాంతికి వెళ్లినప్పుడు కొత్త బియ్యం బస్తా విప్పి, దోసిట్లోకి కొన్ని గింజలు తీసి, "ఈసారి గింజ బాగా పాలుపోసుకుందమ్మా, రెండు కుంచాలు పట్టుకెళ్లు" అన్నారు. నేను అన్నం తినడం లేదని చెప్పాను. ఆయన మారు మాట్లాడలేదు. గింజలు మళ్లీ బస్తాలో పోసి, తాడు కట్టేశారు.

ఎలా తగ్గాలన్నది నా ప్రశ్న కాదు. చెప్పినదంతా చేశాను, అయినా నెలసరి అంతకుముందు కంటే పాడైంది. తప్పు నా రాత్రి తిండిదేనా? పీసీఓఎస్ ఉన్నవాళ్లు అన్నాన్ని చూసి భయపడకుండా బతకవచ్చా? అలా బతుకుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


శ్రావణమేఘం | ఫిబ్రవరి 11

అమ్మా, నేను హైదరాబాదులో ఆహార సలహాదారుగా 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. డాక్టరును కాను, తెర మీద చదివి రోగం నిర్ణయించను. కానీ మీరు రాసిన తేదీలను వరుసగా పెట్టి ఇంకొకసారి చదవండి. తిండి తగ్గించకముందు 45 రోజులకైనా నెలసరి వచ్చేది. తిండి తగ్గించిన రెండు నెలలకు పూర్తిగా ఆగిపోయింది. పీసీఓఎస్ ముదిరిందని అనుకునేముందు, శరీరానికి చాలినంత తిండి అందక నెలసరి ఆగిందేమోనని అడగాలి. ఈ రెండూ వేరు. చికిత్సలు కూడా దాదాపు ఎదురెదురు దిక్కులవి.

మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగం ఉంటుంది. అండం ఎదగడానికి మొదటి సంకేతం అక్కడి నుంచే రావాలి. లోపలికి వచ్చే శక్తి ఒంటి అవసరాలకే చాలడం లేదని దానికి తెలిస్తే ఆ సంకేతాన్ని తగ్గించేస్తుంది. దాంతో అండాశయాలను పనిచేయించే ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోన్లు తగ్గుతాయి, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తగ్గుతుంది, నెలసరి ఆగుతుంది. కరువులో గర్భం మోయకుండా ఆడదాన్ని కాపాడే ఏర్పాటు ఇది. మీరు కావాలని తెచ్చుకున్న కరువని దానికి తెలియదు. చేతులు చల్లబడటం, జుట్టు రాలడం కూడా ఈ పొదుపులో భాగం కావచ్చు. థైరాయిడ్, రక్తహీనత వల్ల కూడా అలా జరుగుతుంది కాబట్టి వాటినీ చూడాలి. ఈ పరిస్థితిలో స్కానింగ్ తీసినా కొందరిలో అవే "నీటి బుడగలు" కనిపిస్తాయి. అవి నిజానికి బుడగలూ కావు, గడ్డలూ కావు. ఎదుగుదల మధ్యలో ఆగిన అండాల సంచులు. అందుకే ఒక్క స్కానింగ్‌తో పీసీఓఎస్ అని తేల్చరు. 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన ప్రమాణాల ప్రకారం మూడింటిలో రెండు ఉండాలి: నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్ల ఎక్కువతనం, స్కానింగ్‌లో ఆ రూపం. మీకు గడ్డం కింద వెంట్రుకలు, మొదటి నుంచీ ఆలస్యపు నెలసరి ఉన్నాయి కనుక పీసీఓఎస్ నిజమే కావచ్చు. దాని మీద ఇప్పుడు రెండోది వచ్చి కూర్చుని ఉండవచ్చు.

ఆలస్యం చేయకుండా స్త్రీల వైద్యురాలి దగ్గరికి వెళ్లండి. 90 రోజులు దాటితే ఎవరైనా వెళ్లవలసిందే. కారణం పీసీఓఎస్ అయితే గర్భసంచి లోపలి పొర రాలకుండా మందమవుతుంది, దాన్ని అలా వదిలేయకూడదు. తిండి లేమి అయితే ఈస్ట్రోజెన్ లేక ఎముకలు పలచబడతాయి. ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్., ఈస్ట్రడయాల్ (ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైన రకం), ప్రొలాక్టిన్ (పాల హార్మోను), టి.ఎస్.హెచ్. (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్ చూడమని మీరే అడగండి. మీ ఎర్ర సున్నాల క్యాలెండరు, ఆ 1000 కేలరీల కాగితం రెండూ పట్టుకెళ్లి ముందు వాటినే బల్ల మీద పెట్టండి. నాలుగు నిమిషాలే ఇచ్చినా సరే, తేదీల వరుస మాత్రం చెప్పనిదే లేవకండి.

ఇప్పుడు ఆ రాత్రుల సంగతి. మీ ఉత్తరంలో నాకు గుండె పట్టేసిన చోటు అది. 1944-45లో అమెరికాలో మినసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వాళ్ల ఇష్టంతోనే, ఆరు నెలల పాటు తిండి సగానికి తగ్గించి చూశాడు. యుద్ధంలో ఆకలికి చిక్కినవాళ్లను ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి. ఆ మనుషులు పగలూ రాత్రీ తిండి గురించే మాట్లాడుకున్నారు, వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. కొందరు నియమం తప్పి తినేసి, తమను తాము అసహ్యించుకున్నారు. మళ్లీ తిండి పెట్టినప్పుడు ఎంత తిన్నా తృప్తి కలగలేదు. వాళ్లకు ఇచ్చింది రోజుకు సుమారు 1570 కేలరీలు. వాళ్లు మగవాళ్లు, నడక, పని ఎక్కువ, నిజమే. అయినా మీ కాగితం మీద ఉన్నది 1000. పూతరేకుల దగ్గర మీకు నిగ్రహం లేకపోవడం కాదమ్మా, నాలుగు నెలల ఆకలి అది.

కనుక రాత్రిని సరిచేయాలంటే పగలు తినాలి. లేచిన గంటలోపు ఏదో ఒకటి, జీలకర్ర నీళ్లు కాదు: రెండు పెసరట్లు, లేదా గుడ్డు పచ్చసొనతో సహా. మధ్యాహ్నం అన్నం. అవును, అన్నం. పక్కన ముద్దపప్పో, చేపల పులుసో, ఆకుకూరో ఉండాలి. మాంసకృత్తులు, పీచు తోడుంటే అన్నంలోని చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా మొత్తం శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం మించకుండా ఉంచమని ఉంది తప్ప మానేయమని లేదు. సాయంత్రం బడి నుంచి వచ్చాక వేరుశనగలు, బెల్లం, ఒక అరటిపండు. కాఫీ, టీలు భోజనానికి గంట ఎడంగా తాగండి, లేకపోతే తిన్న ఇనుము ఒంటికి పట్టదు.

ఇంకొక మాట వింతగా అనిపించవచ్చు. పూతరేకులు తెప్పించుకుని, మధ్యాహ్నం భోజనం అయ్యాక, వెలుతురులో, పళ్లెంలో రెండు పెట్టుకుని కూర్చుని తినండి. భయం వేస్తుంది. పక్కన మీకు నచ్చినవాళ్లు ఎవరైనా ఉండేలా చూసుకోండి.

రాత్రుల బాధ తగ్గకపోతే, కళ్లు తిరిగినా, వాంతి చేసుకోవాలనిపించినా, మానసిక వైద్యుల సాయం తీసుకోవడంలో చిన్నతనం లేదు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.


ఎర్రనేల | ఫిబ్రవరి 12

చెల్లీ, నాది అనంతపురం. మేఘం గారు చెప్పినదాన్ని కాదనను, కానీ అందరి కథా ఒకటి కాదు కాబట్టి నాదీ చెబుతాను. నాకూ పీసీఓఎస్. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారింది. మూడు నెలల సగటు చక్కెర పరీక్షలో 6.1 వచ్చింది. మా నాన్నకు 40వ ఏటే మధుమేహం. నా విషయంలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడమే మూలం. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే అండాశయాలు మగ హార్మోన్లను ఎక్కువగా తయారుచేస్తాయని మా డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. నేను మూడు పూటల అన్నాన్ని ఒక పూటకు తగ్గించాను. ఉలవలు, అలసందలు, గుడ్లు పెంచాను. రోజూ సాయంత్రం 40 నిమిషాలు నడిచాను. ఇన్సులిన్ సరిగా పనిచేయడానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నాను. ఎనిమిది నెలలకు నెలసరి 35 రోజులకు వచ్చింది. తగ్గింది నాలుగు కిలోలే.

అందుకని అన్నం తగ్గించడమే తప్పని ఎవరూ అనుకోకూడదు. నేను తగ్గించినది కడుపు మాడ్చుకుని కాదు, ఆ చోటులో వేరేది తిని. ఒక రాత్రి కూడా ఆకలితో పడుకోలేదు. కొన్నేళ్ల కిందట అందరూ కొబ్బరినూనె, నెయ్యి తాగి అన్నం పూర్తిగా మానేసిన రోజుల్లో నేనూ 40 రోజులు చేశాను. అది మాత్రం నిలవలేదు. 41వ రోజున మా అత్త చేసిన చిత్రాన్నం గిన్నె ఖాళీ చేసి ఏడ్చాను. మీ పూతరేకుల సంగతి చదువుతుంటే అదే గుర్తుకు వచ్చింది.

చాలామంది "అన్నం బదులు రాగిసంకటి" అంటారు. మా ఇంట్లో సంకటికి బియ్యం ఉడికించి, అందులోనే రాగిపిండి వేసి గెలుకుతారు. అందులోనూ అన్నం ఉంది, చెల్లీ.


శ్రావణమేఘం | ఫిబ్రవరి 12

ఎర్రనేల గారూ, మీరు చేసినది సరైన పనే. మెడ నలుపు, ఇంట్లో మధుమేహం ఉన్నప్పుడు పిండిపదార్థాలు తగ్గించడం వల్ల మేలు ఉంది. 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు కూడా ఫలానా ఆహార పద్ధతే మిగిలినవాటికంటే గొప్పదని ఆధారం లేదంటాయి. మనిషి అలవాట్లకు, ఇష్టానికి కుదిరేది, నిలబెట్టుకోగలిగేది ఎంచుకోమంటాయి. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో తిండితో ఇలా చిక్కుపడటం ఎక్కువని, దాని గురించి వైద్యులే అడగాలని కూడా వాటిలో ఉంది. ఆ గదిలో ఈ అమ్మాయిని ఎవరూ అడగలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.


నిత్యమల్లి | ఫిబ్రవరి 14

మూడు రోజులుగా ఈ పుట తెరిచి మూసేస్తున్నాను. నాకు 47 ఏళ్లు, 16 ఏళ్ల కూతురు ఉంది. మీరు రాసిన సామాన్లగది మా ఇంట్లోనూ ఉంది తల్లీ. నా కూతురి మంచం కింద బిస్కెట్ కాగితాలు మడతలు పెట్టి దాచి ఉండటం నిరుడు చూశాను.

పన్నెండో ఏట అది పెద్దమనిషి అయినప్పుడు పీట మీద కూర్చోబెట్టి చిమ్మిలి దంచి పెట్టాం. నువ్వులు, బెల్లం, ఒంటికి బలం అని. పులగం వండాం. మా అమ్మ, అత్తగారు, పేరంటాళ్లు అందరూ తిను, ఇంకొంచెం తిను అన్నారు. అది సిగ్గుపడుతూ తింది. రెండేళ్లు తిరగకముందే అదే ఆడవాళ్లు, అందులో నేనూ ఒకదాన్ని, "ఇంకా వేసుకుంటున్నావా?" అనడం మొదలుపెట్టాం. దానికి నెలసరి సరిగా రావడం లేదన్నప్పటి నుంచి నేను అది తినే ప్రతి ముద్దనూ లెక్కపెట్టాను. మంచి కోరే చేశాను. ఆ కాగితాలు చూసిన రోజు మాత్రం, అవి దాచింది అదే అయినా, దాచేలా చేసింది నేనేనని అర్థమైంది.

ఆ రోజు నుంచి పళ్లెం వైపు చూసి మాట్లాడటం మానేశాను. మొదట్లో నాలుక కొరుక్కోవలసి వచ్చేది. ఇంట్లో అందరికీ ఒకటే వంట. నేనూ దాని పక్కనే కూర్చుని అదే తింటాను, ఎందుకంటే 20 ఏళ్లుగా నేను అందరూ తిన్నాక మిగిలింది తింటున్నాను, అదీ పిల్ల చూస్తోంది కదా. మూడు నెలలు పట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం తనే వచ్చి, "అమ్మా, చిమ్మిలి చేస్తావా?" అని అడిగింది. రోట్లో దంచుతుంటే చేతులు వణికాయి.

మీ నాన్నగారు బస్తాకు తాడు కట్టేశారని రాశారు. ఆయన మనసు కష్టపడి ఉంటుంది, కానీ మీ మీద కోపంతో కాదు. తండ్రులకు ఇలాంటివి ఎలా అడగాలో తెలియదు. మీరే ఫోను చేయండి.


పొగడపువ్వు | ఏప్రిల్ 5

ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించండి. అందరి జవాబులూ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

ఈసారి వేరే ఊళ్లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. క్యాలెండరు, కాగితం ముందు పెట్టాను. ఆవిడ కళ్లద్దాలు తీసి ఆ 1000 అంకె మీద వేలు పెట్టి, "ఇది ఎన్నాళ్లు తిన్నావమ్మా?" అని అడిగారు. ఆ "తిన్నావమ్మా" అన్న మాటకే ఏడుపు వచ్చింది. ఎల్.హెచ్., ఈస్ట్రడయాల్ రెండూ బాగా తక్కువగా ఉన్నాయి. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 9.4. గర్భసంచి పొర పలచగా ఉంది. నెలసరి రప్పించడానికి పది రోజులు మాత్రలు ఇచ్చి ఆపాక రెండు రక్తపు చుక్కలు కనిపించాయంతే. ఈస్ట్రోజెన్ తక్కువని అదీ ఒక గుర్తేనట. పీసీఓఎస్ లక్షణాలు నాకు ఉన్న మాట నిజమే, కానీ ఇప్పుడు నెలసరి ఆగింది తిండి చాలకే అన్నారు. ఇనుము మాత్రలు రాశారు. వ్యాయామశాల మూడు నెలలు ఆపమన్నారు, నడక చాలన్నారు.

మొదటి రోజు ఒక గరిటె అన్నం ముందు పెట్టుకుని పావుగంట కూర్చున్నాను. పప్పుచారు పోసుకున్నాను. బడిలో తినే చోటు మార్చుకుని, ఎప్పుడూ బరువు మాట ఎత్తని మా తెలుగు మాస్టారమ్మ పక్కన కూర్చుంటున్నాను. యంత్రాన్ని అటక మీద పెట్టేశాను. రెండుసార్లు దింపాను కూడా. ఇప్పుడు 58 ఉంటానేమో. నడుము దగ్గర బట్టలు బిగుతయినప్పుడు ఇంకా భయంగానే ఉంటుంది. రాత్రి లేచి తినడం మార్చిలో రెండుసార్లు జరిగింది, వారానికి కాదు, నెల మొత్తం మీద. వేళ్లు చల్లగా ఉండటం లేదు.

నిత్యమల్లి గారూ, నాన్నకు ఫోను చేశాను. డాక్టరమ్మ అన్నం తినమన్నారని చెప్పాను. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "సరే, రేపు బస్సులో వేస్తాను" అన్నారు. రెండు కుంచాలు అన్నవారు బస్తా మొత్తం పంపించారు. ఉగాదికి ఇంటికి వెళ్లి, ఆయన పక్కన కూర్చుని మధ్యాహ్నం భోజనం చేసి, పళ్లెంలో రెండు పూతరేకులు పెట్టుకుని తిన్నాను. కాగితం లాంటి ఆ రేకు నాలుక మీద కరగడం, నెయ్యి వాసన, లోపలి బెల్లప్పొడి, అన్నీ తెలిశాయి. మూడోది తినాలనిపించలేదు.

నెలసరి ఇంకా రాలేదు. కొన్ని నెలలు పట్టవచ్చన్నారు. ఏప్రిల్ కాగితం మీద సున్నా చుట్టడానికి ఎర్ర పెన్ను మాత్రం క్యాలెండరుకే కట్టి ఉంచాను. 20వ తేదీన మళ్లీ పరీక్షలు ఉన్నాయి, ఏ సంగతీ ఇక్కడే రాస్తాను. ఎర్రనేల అక్కా, సంకటికి బియ్యం ఎంత, రాగిపిండి ఎంత వేస్తారో కొలతతో చెప్పగలరా?